జవాబు పదిహేడు

2 నవంబరు 2009, సోమవారం

ఇన్సూరెన్స్ ఏజెంటు ఊరికే ఇచ్చాడని ప్రదీప్‌కుమార్ ఈ డైరీ తెచ్చి స్టాఫ్‌రూములో నా టేబుల్ మీద పెట్టాడు. ఏడాది అయిపోవస్తుంటే డైరీ ఏమిటి సార్ అంటే, "మిగిలిన కాగితాలేం పాపం చేసుకున్నాయి, రాసుకోండి మేడం" అన్నాడు. నెలన్నరలో రిజిస్టర్ పెళ్ళి చేసుకోబోయే మనిషి ఇంకా నన్ను మేడం అంటున్నాడు. నేనూ సార్ అనే అంటున్నాను. పెళ్ళయ్యాక కూడా ఇదే వరస అయితే ఇంట్లో రోజూ అటెండెన్సు వేసుకోవాలి.

డిసెంబరు 16కి రిజిస్ట్రార్ ఆఫీసులో నోటీసు ఇచ్చాం. పట్టుచీర కొనమని అత్త రోజూ ఒకటే పోరు. కోడలికి రెండో పెళ్ళి చేయడానికి ఇంత తొందరపడే అత్త ఎర్రముక్కపల్లిలోనే కాదు, కడప జిల్లాలోనే ఉండదు. వీధివీధంతా ముక్కున వేలేసుకుంటోంది. "ఏసుకోనీ. వాళ్ళ ముక్కు, వాళ్ళ వేలు, మనదేం పోయె" అంటుంది మా అత్త భీమక్క.

మా ఆయన ఉరుకుందు పోయి ఎనిమిదేళ్ళు. డోన్ స్టేషన్ అవతల రైలు కింద పడ్డాడని చెప్పారు. శవాన్ని గుర్తుపట్టడానికి అత్తే వెళ్ళింది, నన్ను రానివ్వలేదు. ఏడాది తిరక్కుండా పత్తికొండలో ఇల్లు ఖాళీ చేసి నన్ను కడపకు లాక్కొచ్చి బీఎడ్‌లో చేర్చింది. ఇవన్నీ నాకు తెలిసినవే, మళ్ళీ రాసుకోవడం ఎందుకో. రాయడానికి ఇంకేమీ లేదు కాబట్టి.

4 నవంబరు

పదో తరగతిలో కొత్తమ్మాయి చేరింది. ఫిరోజా. పోయిన నెల వరదలో కర్నూలులో వాళ్ళ ఇల్లు మునిగిపోయిందట, దర్గా దగ్గర మేనమామ ఇంట్లో ఉంటోంది. పుస్తకాలన్నీ నీళ్ళపాలే. లెక్కలు వచ్చా అంటే, "వచ్చు మేడం, పుస్తకాలే లేవు" అంది. నచ్చింది పిల్ల.

5 నవంబరు

బోర్డు మీద 4(x + 3) = 32 రాసి ఫిరోజాను పిలిచాను. బ్రాకెట్ విప్పి, పన్నెండును అటు పంపి, గుర్తు మార్చి, నాలుగుతో భాగిస్తుందని చూస్తున్నాను. పిల్లలందరూ చేసేది అదే, నేను చెప్పేదీ అదే. ఆ పిల్ల సుద్దముక్క పట్టుకోనేలేదు. బ్రాకెట్ మీద అరచెయ్యి మూసి పెట్టింది.

"నాలుగు తువ్వాళ్ళు ముప్పై రెండు మేడం. అంటే ఒక తువ్వాలు ఎనిమిది." చెయ్యి తీసింది. "తువ్వాలు కింద ఏముండాది? ఎక్స్ ప్లస్ మూడు. అది ఎనిమిది. ఎక్స్ అయిదు."

పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. కుర్చీలో కూర్చుని ఆ పీరియడ్ అంతా చదువుకోమని చెప్పాను.

మా మామ ఎద్దుల సంతలో దళారి. సంతలో ధర నోటితో చెప్పరు. తువ్వాలు కప్పి, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని చెప్పుకుంటారు. పక్కన నిలబడ్డవాడికి తువ్వాలే కనిపిస్తుంది. ఉరుకుందు చిన్నప్పుడు వాళ్ళ నాయన ముఖం చూసి, తువ్వాలు కింద ఎంత నడుస్తోందో చెప్పేసేవాడట. ట్యూషన్ పెట్టాక అదే పాఠం చేశాడు. భుజం మీది తువ్వాలు తీసి బోర్డు మీద బ్రాకెట్‌కు అడ్డం పట్టుకునేవాడు. "దీని కింద ఏముండాదప్పా?" పిల్లలు గోలగోలగా అరిచేవాళ్ళు. ఆ అరుపు మా వంటింట్లోకి వినిపించేది.

నేనీ ఎనిమిదేళ్ళలో ఒక్క పిల్లకైనా ఆ పద్ధతి చెప్పలేదు.

6 నవంబరు

చాలామంది టీచర్లు అలా చెప్తారేమో.

9 నవంబరు

ఫిరోజాను స్టాఫ్‌రూముకు పిలిచి, మామూలుగా అడిగినట్టే అడిగాను. ఎవరమ్మా నీకు తువ్వాలు లెక్క నేర్పింది?

"తువ్వాలు సారు మేడం. మా జోహరాపురంలో ట్యూషన్ చెప్తాడు."

"పేరేంటి?"

"అందరూ తువ్వాలు సారే అంటారు. పేరు నాకు తెలీదు మేడం."

పేరు లేని మనిషి. సరే. తెలియని రాశులు రెండుంటే ఒక్క సమీకరణం చాలదు. x + y = 20 అంటే ఎన్ని జతలైనా సరిపోతాయి. తువ్వాలుతో లెక్క చెప్పేవాడు ఉరుకుందే కావాలని ఎక్కడుంది? ఉరుకుందు దగ్గర చదివిన పిల్లలే వందలమంది. వాళ్ళలో ఎవడో టీచరై ఉంటాడు. అదే. అంతకంటే ఏముంటుంది? చనిపోయిన మనిషి గురించి ఇంకో సమీకరణం వెతకడం ఏమిటి, నాకేమైనా పిచ్చా?

11 నవంబరు

చీర కొన్నాను. నెమలిపింఛం రంగు. ప్రదీప్‌కుమార్‌కు నచ్చింది. నాకూ నచ్చింది.

13 నవంబరు

ఉరుకుందు తిథి. అత్త పొద్దున్నే లేచి వంట మొదలుపెట్టింది. ప్రతి ఏడూ ఇంతే. కొర్రన్నం, జొన్నరొట్టె, పప్పు, గుడ్డు పులుసు, ఓళిగలు, ఎండుచేపల కూర, చివరికి కాసింత సేమ్యా పాయసం కూడా. అన్నీ ఒక్కో గరిటెడు. ఉరుకుందు ఎండుచేప వాసనకే లేచిపోయేవాడు. అతనికి ప్రాణమైన ఉగ్గాని మాత్రం ఏనాడూ చేయదు. అదేంటత్తా అంటే, "ఊరికుండు మ్మే, నాకు తెలుసులే" అంటుంది. మిద్దె మీద విస్తరి పెట్టి కాకి వచ్చేదాకా కదలదు.

ఈరోజు ఆమె పక్కన నిలబడి అడగబోయాను. డోన్‌లో నువ్వు చూసింది ఉరుకుందునే కదా అని. కాకి వచ్చింది. అడగలేదు.

16 నవంబరు

వర్గ సమీకరణాలు మొదలుపెట్టాను. ఫిరోజా చేసి చూపించిన రెండు లెక్కలూ ఒప్పే. మూడోదానికి సగం చేసి, ఆగిపోయి, చివర 17 అని రాసేసింది.

"పదిహేడు ఎక్కడి నుంచి వచ్చింది?"

పిల్ల నాలుక కరుచుకుంది. "అలవాటు మేడం. తువ్వాలు సారు ఇచ్చే లెక్కలకు ఎప్పుడూ పదిహేడే వస్తాది. రాకపోతే మేము పదిహేడు రాసేస్తాం. శానాసార్లు సరిపోతాది."

ఆ సారు ఇచ్చిన లెక్కలు గుర్తున్నవి చెప్పమన్నాను. కళ్ళు మూసుకుని చెప్పింది. నేను బోర్డు మీద రాశాను.

2x – 9 = 25
3(x + 4) = 63
5x – 20 = 3x + 14
x² – 14x – 51 = 0

చివరిదానికి రెండు మూలాలు. పదిహేడు, మైనస్ మూడు. మిగతా అన్నిటికీ పదిహేడొక్కటే.

ఆదోని డిగ్రీ కాలేజీలో నా రోల్ నంబరు పదిహేడు. ఉరుకుందు నంబరు పద్దెనిమిది. అటెండెన్సులో నా నంబరు పిలిచినప్పుడు వెనక బెంచీలోంచి మెల్లగా దగ్గేవాడు. పెళ్ళయ్యాక ట్యూషన్ పిల్లలకు లెక్కలు కడుతూ, "అన్నిటికీ నువ్వే వస్తావు చూడు" అనేవాడు. ఆ సంగతి పిల్లలకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. మా ఇద్దరికే తెలుసు.

"ఆయన ఏ చేత్తో రాస్తాడు?" అని అడిగాను.

"ఎడమచేత్తో మేడం. మీకు తెలుసా సారు?"

17 నవంబరు

పేజీ మీద ఈ అంకె అచ్చువేసి ఉంది. చూసి మూసేశాను.

18 నవంబరు

ఏమీ జరగనట్టు పాఠం చెప్పాను. ఏమీ జరగనట్టు అన్నం తిన్నాను. అత్త నా ముఖంలోకి చూసి, "జొరమొచ్చిందా?" అని నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి విదిలించేశాను. ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఏదో ఒకటి అనవలసింది.

22 నవంబరు, ఆదివారం. కర్నూలు బస్టాండులో కూర్చుని రాస్తున్నాను

బతికి ఉన్నాడు.

24 నవంబరు

రెండు రోజులు పెన్ను పట్టుకోలేకపోయాను. ఇప్పుడు రాస్తాను, లేకపోతే పిచ్చెక్కేలా ఉంది.

జోహరాపురంలో ఆ గది పట్టుకోవడం కష్టం కాలేదు. గోడ మీద మనిషెత్తులో వరద గీత ఇంకా ఉంది. దాని కింద చాపలేసుకుని పిల్లలు కూర్చున్నారు. అతను బోర్డు వైపు తిరిగి ఎడమచేత్తో రాస్తున్నాడు. తల పూర్తిగా నెరిసింది. భుజం మీద తువ్వాలు. నేను గుమ్మంలో నిలబడ్డాను. తిరిగి చూశాడు. సుద్దముక్క జేబులో వేసుకుని పిల్లల్ని పంపేశాడు. నాకంటే అతనే నిబ్బరంగా ఉన్నాడు. అది నేను ఎప్పటికీ క్షమించను.

"అమ్మ చెప్పిందా?" అన్నాడు.

నేను వంద మాటలు అనుకుని వెళ్ళాను. "ఏం చెప్పాల?" అన్నాను. నా నోట్లోకి పత్తికొండ భాష వచ్చేసింది.

అతనికి అర్థమైంది. గోడకు ఆనుకుని చాప మీద కూర్చుండిపోయాడు. "నీకు తెలీదా? నేను వచ్చింటి. పదో దినం నాడు."

"యాడికి?"

"మన ఇంటికే. సందు మొగదాల్లో అమ్మ ఎదురొచ్చె. లోపల నీకు పిండాలు పెడ్తాండారు, యాడికొస్తాండావు, పో అనె. పోయినా."

"పో అంటే పోతావా?"

"ముందు చెప్పంపిచ్చింది నేనే గదా. డీఎస్సీ లిస్టులో మూడోసారీ పేరు లేకపాయె. నన్ను సచ్చినోని కింద లెక్కేసుకోండని మన ఊరి సోమన్నతో చెప్పంపిస్తి. అమ్మ అట్లే ఏసుకునె."

నేను చెప్పు తీసుకుని కొట్టి ఉండాల్సింది. కొట్టలేదు. "పదిహేడెందుకు?" అని అడిగాను. అన్ని గంటలు బస్సులో కూర్చుని వెళ్ళింది ఆ ఒక్క ముక్క అడగడానికే అనిపించింది.

"ఏం పదిహేడు?" అన్నాడు. తర్వాత గుర్తొచ్చింది. "ఓ, అదా. అలవాటైపాయె. జవాబు ముందే తెలిసుంటే లెక్క కట్టేది సులభం."

అంతే. నేను వారం రోజులుగా గుండెలో పెట్టుకుని మోసింది అతనికి ఉత్త చేతి అలవాటు. గుమ్మం దగ్గర ఆడవాళ్ళ చెప్పులున్నాయి. పిల్లలవా, పెద్దవాళ్ళవా అని చూడలేదు.

"సంతకం యాడన్నా పెట్టాల్నంటే చెప్పు, పెడ్తా" అన్నాడు వెనక నుంచి. "సచ్చినోని సంతకం చెల్లుతాదో లేదో."

25 నవంబరు

అత్తతో జరిగింది కూడా రాసేస్తాను.

ఆదివారం నేను ఇల్లు చేరేసరికి ఆమె వాకిట్లో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. "యాడికి పోయింటివి?" అంది.

"కర్నూలుకు. నీ కొడుకును చూసొచ్చినా."

ఆమె చేతులు ఆగలేదు. ఇంకో రెండు కాయలు ఒలిచింది. "ఎట్లుండాడు?"

ఏడుస్తుందనుకున్నాను, బుకాయిస్తుందనుకున్నాను. ఎట్లుండాడు అంటుందనుకోలేదు.

"తల నెరిసింది" అన్నాను.

"నెరవదా మరి."

అప్పుడు అరిచాను. ఏమేమి అరిచానో గుర్తులేదు. పక్కింటివాళ్ళు తలుపు తీసి మళ్ళీ మూసుకున్నారు. నా తాళి తెంపింది నువ్వు, నా గాజులు పగలగొట్టించింది నువ్వు, బతికున్న మొగుడి పేరున నాతో చావు స్నానాలు చేయించింది నువ్వు అన్నాను. ఆమె చేట పక్కన పెట్టి నేను అలిసిపోయేదాకా విన్నది.

"పోలీసోళ్ళు రెండుసార్లు అడిగిరి, బాగా చూసి చెప్పమ్మా అని" అంది. "చూసినా. మొకం లేదు. చేతులుండాయి. నేను కన్న చేతులు నాకు తెలీవా? అవి బండలు కోసే చేతులు. ఎడమ బొటనవేలు సగం లేదు, పాత దెబ్బ. ముంజేతి మీద ఈరన్నసామి పచ్చబొట్టు. మనోనికీ ఉండె గదా, ఆ పక్క సగం మందికి ఉంటాది. నా కొడుకే అని చెప్పినా."

"ఎందుకు?"

"రెండుసార్లు పాయె, రెండుసార్లు వచ్చె. పోయినప్పుడల్లా నువ్వు బస్టాండులో అరుగు మీద కూర్చుంటివి. అన్నం లేదు, నీళ్ళు లేవు, బస్సు దిగే ప్రతి మొకమూ చూస్తాంటివి. మూడోసారి పోయినాడు, మళ్ళా పోయి కూర్చుంటివి. వాడు యాడున్నా బతికుండాడు. నా కండ్ల ముందర సస్తాండేది నువ్వు. నేనేం చేయాల?"

"నన్నడగాల."

"అడిగింటే ఏం చెప్పిందువు?"

ఆమెతో అనని జవాబు ఈ కాగితం మీద చెప్తున్నాను. కూర్చుంటానని చెప్పి ఉండేదాన్ని. ఈరోజుకీ అక్కడే కూర్చుని ఉండేదాన్ని. ఆమెకు అది తెలుసు, అందుకే ఆమె మీద కోపం ఇంకా పెరుగుతోంది. నా బతుకు లెక్క నేను చేయకముందే జవాబు రాసి పెట్టేసింది. అది తప్పని గట్టిగా అనబోతే, ఎనిమిదేళ్ళుగా నేను తింటున్న అన్నం, నా ఉద్యోగం, ఆ నెమలిపింఛం చీర అన్నీ అడ్డం వస్తున్నాయి.

26 నవంబరు

తొమ్మిదో తరగతిలో ఒకడు 3x = 12 అని రాసి, మూడును అటు పంపి గుర్తు మార్చి, x = 12 – 3 = 9 చేశాడు. వాడిది తప్పు కాదు. "అటు పోతే గుర్తు మారుతుంది" అని మంత్రంలా చెప్పింది మేమే. బోర్డు దగ్గరకు వెళ్ళి మొదటి నుంచీ చెప్పాను. అటు పోవడం అనేది ఉత్త మాట. ఏదీ ఎటూ పోదు. సమీకరణం త్రాసు. x + 5 = 12లో ఎడమ తట్టలోంచి అయిదు తీశామంటే కుడి తట్టలోంచీ అయిదు తీయాలి. రెండోవైపు తీసింది మనకు కనపడదు, అందుకని అటు దూకిందనుకుంటాం. ఒకవైపే తీసి ఊరుకుంటే త్రాసు ఒరిగిపోతుంది.

అక్కడ ఆగిపోయాను. పిల్లలు నా వైపే చూస్తున్నారు.

మా ఇంట్లో నుంచి ఒక మనిషిని తీసేశాం. కాల్చాం, బూడిద ఏట్లో కలిపాం, పదో దినం చేశాం. అయితే కాలింది ఎవరు? నాలుగు రోజులుగా నేను నా గోలే ఏడ్చుకున్నాను కానీ ఈ మాట ఒక్కసారి కూడా నా బుర్రకు తట్టలేదు. ఎవరి ఇంట్లోంచి తగ్గాడు ఆ మనిషి? వాళ్ళకు తెలుసా?

ఇంటికి వెళ్ళి అడిగాను. అత్త మొదటిసారి ముఖం తిప్పుకుంది.

"నాకు తెలీకనా" అంది. "తిథి నాడు విస్తరి ఎవరికి పెడతాండాననుకున్నావు? బతికుండేవానికి ఎవరన్నా పెడతారా? ఆ పిల్లోనికే. వానికేమిష్టమో నాకేం తెలుసు. అందుకే అన్నీ చేసి పెడతా."

నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి దాని ముందు నిలబడ్డాను.

1 డిసెంబరు

ప్రదీప్‌కుమార్‌కు మొత్తం చెప్పాను. చేతిలో టీ చల్లారిపోయేదాకా విన్నాడు. "కాగితాల ప్రకారం ఆయన లేరు కదా మేడం. పదహారో తేదీ కానివ్వండి, తర్వాత చూసుకుందాం. ఎవరికి తెలుసు?" అన్నాడు.

వారం ముందైతే నేనూ అదే అనేదాన్ని. నాకు తెలుసు సార్ అన్నాను. ఉరుకుందు బతికున్నాడని చెప్పాలంటే, డోన్ పోలీసుల దగ్గరికి వెళ్ళి ఆ రోజు కాలింది అతను కాదని చెప్పాలి. అప్పుడు మన పెళ్ళి ఆగుతుంది. విడాకులకు కోర్టుకు వెళ్ళాలి. అత్త మీద కేసవుతుందేమో. చెప్పకపోతే ఏదీ ఆగదు, ఆ చనిపోయినవాడి ఇంటివాళ్ళు ఎదురుచూస్తూ అలాగే ఉంటారు. ఇదీ లెక్క అన్నాను.

"మీరేం చేస్తారు?" అన్నాడు.

తెలియదన్నాను. అబద్ధం. అప్పటికే తెలుసు.

3 డిసెంబరు

ప్రదీప్‌కుమార్ స్టాఫ్‌రూములో నా పక్కన కూర్చుని, "మొన్న నేనలా అని ఉండకూడదు" అన్నాడు. అతని కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

5 డిసెంబరు

అత్తకు చెప్పాను, డోన్‌కు వెళ్దామని. బతిమాలుతుందని, నన్ను తిడుతుందని సిద్ధపడ్డాను. లేచి పెట్టె తీసి రెండు చీరలు మడత పెట్టుకుంది. "జైల్లో ఏసేట్లయితే ఎన్ని చీరలు తెచ్చుకోనిస్తారో అడుగు మ్మే" అంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అప్పటికి ఆమెతో మాట్లాడి తొమ్మిది రోజులైంది.

12 డిసెంబరు

బంద్. సమైక్యాంధ్ర ఉద్యమమట, బస్సుల్లేవు, స్కూలు లేదు. జిల్లా అంతా రోడ్ల మీదే ఉంది. అత్త మూట గోడకు ఆనించి ఉంది.

16 డిసెంబరు

రిజిస్ట్రార్ ఆఫీసు కూడా బంద్. చీర విప్పి చూసి మళ్ళీ పెట్టెలో పెట్టాను.

27 డిసెంబరు

బస్సులు తిరుగుతున్నాయి. ఇంకా వెళ్ళలేదు. సెలవు దొరకలేదని అత్తతో చెప్పాను. సెలవు నేను అడగలేదు.

3 జనవరి 2010. డైరీలో తేదీలు అయిపోయాయి, అట్ట వెనక ఖాళీ కాగితాల్లో రాస్తున్నాను

నిన్న డోన్ వెళ్ళాం. ప్రదీప్‌కుమార్ కడప స్టేషన్‌కు వచ్చి మమ్మల్ని రైలెక్కించాడు. అత్త కాళ్ళకు దండం పెట్టాడు. ఎందుకు పెట్టాడో నాకు తెలియదు, అతనికీ తెలియదేమో.

రైల్వే పోలీసు స్టేషన్‌లో అత్త నిలబడే చెప్పింది. కూర్చోమన్నా కూర్చోలేదు. చెప్పేది విన్న ఎస్సై మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. కేసవుతుందో లేదో పైవాళ్ళు చెప్పాలట. పక్కనే నిలబడిన ముసలి కానిస్టేబుల్ మధ్యలో కల్పించుకున్నాడు.

"బొటనవేలు సగం లేదంటివి గదమ్మా, ఎడమ చేతిదేనా?"

"ఎడమదే."

అతను తల పట్టుకున్నాడు. "పెద్ద ఈరన్న కొడుకు సార్. ఆస్పరి పక్క పల్లె. ఆ పిల్లోడు బేతంచెర్లలో బండల మిషన్ కాడ పని చేస్తాండె. వలస పోయినాడనుకుని ఉగాది దాకా వాళ్ళు వెతకనే లేదు. వచ్చి అడిగేసరికి, ఆ శవానికి మనుషులొచ్చి తీసకపోయినారని చెప్పి పంపిస్తిమి. ఈరన్న ప్రతి ఏడూ పంటలైనాక వచ్చి అడిగిపోతాడు. పోయిన నెల గూడా వచ్చినాడు."

పోయిన నెల. నేను సెలవు దొరకలేదని ఇంట్లో కూర్చున్న నెల. అత్త అప్పుడు కూర్చుంది. బెంచీ మీద కాదు, నేల మీద.

ఈరోజు పొద్దున ఆ ఊరికి వెళ్ళాం. కానిస్టేబుల్ వస్తానన్నాడు, మేమే ముందు చెప్తామన్నాం. పెద్ద ఈరన్న చేనికి వెళ్ళాడు. భార్య పోయి మూడేళ్ళయిందట. బండలు పరిచిన చిన్న ఇల్లు, ఆ బండలు కొడుకే కోసి తెచ్చి ఉంటాడు. లోపల నుంచి ఒకామె చెంబుతో నీళ్ళు తెచ్చింది. నాకంటే రెండు మూడేళ్ళు చిన్నది. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, చేతులనిండా గాజులు, కాళ్ళకు మెట్టెలు. మేమెవరో అడగకుండానే చాప వేసింది. డోన్ స్టేషన్ నుంచి వచ్చామనగానే నీళ్ళ చెంబు కింద పెట్టి, కొంగు సర్దుకుని, నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"మా ఆయన సంగతేమన్నా తెలిసిందా అక్కా?" అంది.

అత్త నా కొంగు గట్టిగా పట్టుకుంది. ఆ ఇల్లాలు నా ముఖంలోకే చూస్తోంది. బస్సు దిగిన ప్రతి ముఖంలోకీ నేను అలాగే చూసేదాన్ని.

నేను లేచి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. నేనే చెప్పాను.